దొరికేవాడు

రెండో జత ఉన్ని మేజోళ్ళ మీద మూడో జత ఎక్కిస్తూ ఐవిన్ మంచం అంచున ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఈ మధ్య మూడో జత దగ్గర ఆగవలసి వస్తోంది. ఆగినంతసేపూ కిటికీలోంచి పొరుగింటి దీపాన్ని చూశాడు. ఎవరో అప్పటికే లేచి, అతని గుమ్మం ముందు మంచు కూడా పారతో తీసి పెట్టారు. ఎవరని అడిగితే ఒప్పుకోరు. అందుకే అతను అడగడం మానేశాడు.

మేజోళ్ళ తర్వాత పలచటి ఉన్ని చొక్కా, దాని మీద మందపాటి స్వెటరు, ఆపైన గాలి చొరబడని కోటు. మంచులో పడుకోబోయేవాడు పెళ్ళికి పోయేవాడికంటే శ్రద్ధగా ముస్తాబవుతాడని అతని భార్య రాగ్నా వేళాకోళం చేసేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ముస్తాబు వరస మాత్రం మారలేదు.

వంటింట్లో నాలుగు రొట్టె ముక్కలు కోసి, గోధుమరంగు మేకపాల జున్నును వాటి మీద పలచగా గీశాడు. ముక్కకూ ముక్కకూ నడుమ కాగితం పెట్టి పొట్లం కట్టాడు. గుండెకు ఇచ్చిన మాత్రను కాఫీతోనే మింగాడు. "ఇంజను పాతబడింది, ఎక్కువ పరుగెత్తించకు. పడుకోవడానికైతే నాకే అభ్యంతరమూ లేదు," అన్నాడు డాక్టరు శరదృతువులో. ఎక్కడ పడుకుంటాడో ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

ముప్ఫై నాలుగేళ్ళు ఐవిన్ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. ఆ బండి నడిపేవాడి ముఖం ఎవరికీ తెలియదు. రోడ్డు తెరుచుకోని రోజున మాత్రమే అతని పేరు జనం నోట్లోకి వస్తుంది. ఐవిన్ పేరు అలా రెండు మూడు సార్లకు మించి రాలేదు. శనివారాల్లో అతనికి ఇంకో పని ఉండేది, ఇప్పటికీ ఉంది. కొండచరియ నుంచి మంచు విరిగిపడితే దాని కింద చిక్కుకున్నవాళ్ళను వెతకడానికి కుక్కలను తయారుచేస్తారు. అవి నేర్చుకోవాలంటే నిజంగా ఒక మనిషి మంచు కింద ఉండాలి. ఆ మనిషికి గాలింపు జట్టు కాగితాల్లో పెద్ద పేరేదో ఉంది. లోయలో అందరూ 'దొరికేవాడు' అంటారు. ముప్ఫై ఒక్క శీతాకాలాలుగా దొరికేవాడు ఐవినే.

"ఈ దేశంలో నీలా ఇన్నిసార్లు తప్పిపోయిన మొగుడు ఇంకెవరికీ లేడు," అనేది రాగ్నా.

బయట హారను మోగింది. సున్నివ కారు దిగకుండానే తలుపు తోసింది. ఆమె మంచుకొండ మీద జారేవాళ్ళను పైకి చేర్చే లిఫ్టు దగ్గర పనిచేస్తుంది. వెనక చువ్వల పెట్టెలో నలుపూ తెలుపూ కలిసిన కుక్క ఫ్లిస్, ఒక చెవి నిలబెట్టి, ఒక చెవి వాల్చి, తన తోకను తానే పట్టుకోబోతోంది.

"నిద్రపట్టిందా?" అన్నాడు ఐవిన్ బెల్టు పెట్టుకుంటూ.

"దానికి పట్టింది. నాకు పట్టలేదు."

"పరీక్ష దానికేగా."

"అలాగని నువ్వనుకో." ఆమె గేరు మార్చింది. "పరీక్ష పెట్టడానికి మళ్ళీ హాల్వరే వస్తున్నాడు. డిసెంబరులో ఏం రాశాడో గుర్తుందా? 'చురుకైనదే. ఆటబుద్ధి. గంభీరత లేదు.' కుక్కకి గంభీరతేంటి ఐవిన్? అదేమన్నా పాస్టరా?"

"మన పాస్టరుకే లేదు గదా."

సున్నివ నవ్వింది గాని ఆ నవ్వు మలుపు దాకా కూడా నిలవలేదు. డిసెంబరులో ఒకసారి తప్పింది. ఇవాళ కూడా తప్పితే వచ్చే శీతాకాలం దాకా ఫ్లిస్‌ను కొండ మీదికి రానివ్వరు. అంటే ఇంకో ఏడాది ఈ లోయలో కుక్క ఉండదు. నిరుడు ఫిబ్రవరిలో ఇద్దరు మంచు కింద పడ్డప్పుడు పట్నం నుంచి కుక్క రావడానికి రెండున్నర గంటలు పట్టింది. అందాకా ఊరివాళ్ళంతా వరసగా నిలబడి పొడవాటి కడ్డీలతో మంచును గుచ్చుతూ నడిచారు. ఆ వరసలో సున్నివ ఉంది. ఒకతన్ని కడ్డీలే కనిపెట్టాయి, బతికాడు. రెండో అతన్ని పట్నం కుక్క వచ్చిన పదకొండు నిమిషాలకు చూపించింది. అప్పటికి ఆలస్యమైంది. ఆ రోజున ఫ్లిస్ ఏడాది పిల్ల, ఇంట్లో చెప్పులు కొరుకుతూ ఉంది.

"పదకొండు నిమిషాలు," అంది సున్నివ, అతనేమీ అడగకుండానే. ఏ సంగతో ఐవిన్‌కు తెలుసు. అతను పొట్లం విప్పి ఒక రొట్టెముక్క ఆమె చేతికిచ్చాడు. ఆమె నడుపుతూనే తినేసింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు బయటపడింది.

హాల్వర్ వాళ్ళకంటే ముందే వచ్చి వాలు కింద నిలబడి ఉన్నాడు. పొడగరి, అరవై దాటినవాడు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళు కుక్కను వెంటబెట్టుకుని మంచులో మనుషులను వెతికాడు. దొరికినవాళ్ళలో ఎక్కువమంది ఎలా దొరికారో కళ్ళారా చూశాడు. అందుకని అతనికి ఆటలు నచ్చవు.

పెట్టె తలుపు తెరవగానే ఫ్లిస్ మంచులో పొర్లింది, తుమ్మింది, హద్దు కోసం పాతిన ఎర్రజెండా పుల్లనొకదాన్ని పీకి నోట కరుచుకుని అందరి చుట్టూ పరుగెత్తింది.

"ఇది కుక్కా, సర్కసా?" అన్నాడు హాల్వర్.

"పొద్దున్నే కదండీ, ఒళ్ళు విరుచుకుంటోంది," అంది సున్నివ, జెండాను లాక్కుంటూ.

హాల్వర్ ఐవిన్ వైపు తిరిగాడు. "మరి నువ్వు? ఈ వయసులో ఇంకా చేస్తున్నావా?"

"ఏముంది చెయ్యడానికి? పడుకుంటాను."

"అంతేనా?"

"దొరుకుతాను కూడా."

సున్నివ కుక్కను తీసుకుని కొండ కింది గుడిసె వెనక్కి వెళ్ళిపోయింది. దొరికేవాడు ఎక్కడున్నాడో ఆమెకు తెలియకూడదు. హాల్వర్ ఎంచిన చోట నిన్ననే గొయ్యి తవ్వి ఉంచారు, వాలు నడుమ, రెండు పొట్టి బిర్చ్ చెట్ల కింద. ఐవిన్ పాకుతూ లోపలికి వెళ్ళి, పరిచిన జింక తోలు మీద వెల్లకిలా సర్దుకున్నాడు. కుక్కకు బహుమానంగా ఇచ్చే ముడి తాడు గుండెల మీద, చిన్న రేడియో చెవి పక్కన. రేడియోలో వినవచ్చు. ప్రాణం మీదికొస్తే తప్ప మాట్లాడకూడదు. కదలకూడదు. మాట్లాడినా, కదిలినా పరీక్ష రద్దు.

"నలభై నిమిషాలు వాసన నిలవనిస్తాం. ఆ తర్వాత మొదలు," అని హాల్వర్ మంచు దిమ్మెలతో గొయ్యి నోరు మూసి, పైన మంచు కప్పాడు. మూసేముందు ఒక్కక్షణం ఆగి, ఐవిన్ మెడ దగ్గర కోటు కాలరు పైకి లాగి సర్దాడు. ఆ పని చేసినట్టు తనకే తెలియనంత మామూలుగా చేశాడు.

లోపల నీలి వెలుతురు. ఐవిన్‌కు ఆ నీలమంటే మొదటినుంచీ ఇష్టం. మంచు కింద చీకటిగా ఉంటుందనుకుంటారు పైవాళ్ళు. లోతు మరీ ఎక్కువ కాకపోతే వెలుతురు నీళ్ళలా వడపోసుకుని కిందికి వస్తుంది. చప్పుడు మాత్రం రాదు. తన ఊపిరి, తన గుండె, అప్పుడప్పుడు దానికి వచ్చే చిన్న తడబాటు, అంతే.

చూసేవాళ్ళకు అది పడుకోవడం. నిజానికి ముందు ఊపిరిని నెమ్మది చెయ్యాలి. కాలివేళ్ళను బూటు లోపలే ఒక్కొక్కటిగా ముడిచి విప్పుతూ ఉండాలి. నిద్ర పోకూడదు. భయపడకూడదు, భయానికి వేరే వాసన ఉంటుంది, పిల్లకుక్కలు దానికి బెదురుతాయి. తను సంతోషంగా ఉన్న మనిషిలా వాసన రావాలి. కుక్క దృష్టిలో ప్రాణం కాపాడటమనేది లేదు. మంచు కింద ఎవరో తాడు పట్టుకుని తనతో ఆడటానికి ఎదురుచూస్తున్నారు, అంతే దానికి తెలిసింది. ఆ నమ్మకం ఒమ్ము కాకుండా చూడటమే ముప్ఫై ఒక్కేళ్ళుగా ఐవిన్ ఉద్యోగం.

సంతోషం కోసం అతను రాగ్నాను తలుచుకున్నాడు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ, చెంపకు చెయ్యి, ఎదుట తెల్ల కాగితం. గంటలకు గంటలు అలా కూర్చునేది. స్టవ్ మీద చేప మాడిపోయేది. ఊళ్ళో వాళ్ళు ఆమెను బద్ధకస్తురాలనేవాళ్ళు. తీరిగ్గానే ఉంది కదా అని పొరుగావిడ చర్చి తెరలు కుట్టిపెట్టమని పంపేది. ఐవిన్ రాత్రంతా బండి నడిపి వచ్చి, బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో వంటింట్లో తిరిగేవాడు. ఒకనాడు ఎనిమిదేళ్ళ సున్నివ బడి బ్యాండు కోసం లాటరీ చీట్లు అమ్ముతూ గుమ్మంలోకి వచ్చింది.

"పనిలో ఉంది. నాలుగింటికి రా," అన్నాడు ఐవిన్.

పిల్ల అతని మోచేతి కిందనుంచి తొంగి చూసింది. "ఏం పని? కిటికీలోకి చూస్తోందిగా."

"అదే పని."

పిల్ల కాసేపు నమ్మాలా వద్దా అన్నట్టు చూసి వెళ్ళిపోయింది. సరిగ్గా నాలుగింటికి వచ్చింది. రాగ్నా అయిదు చీట్లు కొంది. ఆమె రాసినవి మొత్తం మూడు పుస్తకాలు. అవి చదివి తమ తల్లి గురించే రాసిందని ఉత్తరాలు రాసినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆ పుస్తకాల్లో మాటలన్నీ ఆ కిటికీ దగ్గర దొరికినవే.

ఎడమ చీలమండకు చల్లగా తగిలింది.

ఐవిన్ మొదట పట్టించుకోలేదు. మళ్ళీ తగిలింది, సన్నగా, ఆగకుండా. గాలి. గొయ్యి అడుగున కాళ్ళ దగ్గర మంచు కుంగి, వేలెడు సందు పడింది. గాలి ఆ సందులోంచి కిందికి జారిపోతోంది. ఊపిరి బిగబట్టి విన్నాడు. చాలా లోతున, గాజు గోళీలు దొర్లినట్టు నీళ్ళ చప్పుడు.

వాగు. వేసవిలో ఆ బిర్చ్ చెట్ల కిందుగా పారే చిన్న వాగు. శీతాకాలంలో మంచు దాన్ని కప్పేస్తుంది, లోపల మాత్రం గొట్టంలా ఖాళీ ఉంటుంది. తన వాసన నెత్తి మీది మంచులోంచి పైకి పోవడం లేదు. కాళ్ళ దగ్గరి సందులోంచి వాగు గొట్టంలోకి దిగి, వాలుకు అరవై అడుగుల దిగువన, నల్లబండ దగ్గర వాగు బయటపడే చోట పైకి వస్తుంది. అది జెండాల హద్దుకు అవతల. కుక్క ముక్కు నిజమైనదైతే నేరుగా అక్కడికే పోతుంది. హాల్వర్‌కు అది తప్పులా కనిపిస్తుంది.

ఆ సందుకు బూటు అడ్డం పెడితే చాలు. జానెడు కదలిక. ఎవరూ చూడరు. వాసన మళ్ళీ పైకి పడుతుంది, ఫ్లిస్ అయిదు నిమిషాల్లో నెత్తి మీద ఉంటుంది, వచ్చే వారం నుంచి లోయకు కుక్క ఉంటుంది.

ఐవిన్ బూటు వైపు చూశాడు. నిరుడు మంచు కింద పడ్డ రెండో మనిషి కాలు కదపగలిగి ఉంటాడా? తను ఈ కాలు కదిపితే, ఇలాంటి వాగు మీద పడ్డవాణ్ని ఈ కుక్క కనిపెట్టగలదో లేదో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అతను కాలును అలాగే ఉంచాడు.

"మొదలు. ఇరవై నిమిషాలు," అంది రేడియో, హాల్వర్ గొంతుతో.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ హాల్వర్. "సున్నివా, నీ కుక్క జెండాలు దాటింది."

"చూస్తున్నానండీ."

"బండ దగ్గర మంచుగడ్డలు ఎగరేసి పట్టుకుంటోంది. ఆడుకుంటోంది."

"చూస్తున్నాను."

"వెనక్కి పిలువు. తొమ్మిది నిమిషాలు పోయాయి."

రేడియో గరగరలాడింది. ఐవిన్ గుండె ఒకసారి తడబడి మళ్ళీ దారిలో పడింది. పిలిస్తే ఫ్లిస్ వచ్చేస్తుంది, ఎంత అల్లరిదైనా పిలుపు జవదాటదు. వచ్చి, వాసనే లేని మంచు మీద మిగిలిన పదకొండు నిమిషాలూ తిరుగుతుంది.

"సున్నివా, విన్నావా? ఏం చేస్తున్నావు నువ్వు?"

"నిలబడ్డాను."

"ఊరికే నిలబడితే ఎలా?"

సున్నివ గొంతు నెమ్మదిగా, గట్టిగా ఉంది. "అది పనిలో ఉందండీ. కాసేపు దాన్ని కదిలించొద్దు."

నీలి వెలుతురులో ఐవిన్ నవ్వాడు. మీసాల మీది మంచు చిట్లి పెదవుల మీద పడింది.

తర్వాత ఎంతసేపు గడిచిందో అతను లెక్కపెట్టలేదు. ముందుగా కాళ్ళ వైపు, దూరంగా, ముక్కుతో గాలి పీల్చి చీదుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ కొంచెం దగ్గరగా. వాగు గొట్టం వెంబడి, వాసన దారాన్ని ఒక్కో బారే పైకి చుట్టుకుంటూ వస్తోంది ఫ్లిస్. ఒకచోట తప్పిపోయి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చివరికి చీలమండల పైన మంచును గీకడం వినిపించింది, వెంటనే ఒక మొరుగు, ఇంకొకటి, పట్టలేని ఆనందంతో మొరుగుల వాన. కప్పు విరిగి ఒంటి మీద పడింది. తెల్లటి వెలుగు, అందులోంచి తడి ముక్కు.

"దొంగముండా, ఇంతసేపా," అని ఐవిన్ తాడు ఊపాడు. ఫ్లిస్ కరిచి లాగింది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి గోతిలో కూర్చుని కుక్కలాగే గుర్రుమంటూ, నవ్వుతూ, తాడును వదలకుండా లాగాడు. చివర్న, ఎప్పటిలాగే, తాడు దానికి వదిలేశాడు.

హాల్వర్ గడియారం చూశాడు. పదిహేడు నిమిషాలు. మోకాళ్ళ మీద వంగి గోతిలోకి తలపెట్టి, సందు దగ్గర అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఇక్కడ వాగుందా?"

"ఉంది. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు తలుపేసిన పావుగంటకి."

"చెప్పలేదే."

"దొరికేవాడు మాట్లాడడు కదా."

హాల్వర్ కాగితం తీశాడు. సున్నివ అతని భుజం పక్కనుంచి చూసింది. డిసెంబరులో రాసిన మాటే మళ్ళీ రాశాడు, 'ఆటబుద్ధి' అని. దాని పక్కన చుక్క పెట్టి 'ఉత్తీర్ణత' అని రాసి సంతకం చేశాడు. సున్నివ కుక్క మెడలో ముఖం దాచుకుంది.

కొండ కింది గుడిసెలో కాఫీ, ఫలహారాలు చూసే మారిట్ అట్లపెనం మీద వాఫుళ్ళు, గళ్ళగళ్ళ తీపి అట్లు, వేస్తోంది. పండ్ల జామూ పుల్లటి మీగడా బల్ల మీద పెట్టింది. "రా దొరికినాయనా, నీకు మొదటి వాయి," అంది.

"కాస్త ఆగి తింటాను మారిట్. ముందు వెచ్చబడనీ."

అతను కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. వాలు మీదికి అప్పుడే ఎండ వచ్చింది. వెనకాల సున్నివ, హాల్వర్ వాగు గురించి, గాలి గురించి వాదించుకుంటున్నారు. ఇద్దరి గొంతుల్లోనూ పొద్దుటి పట్టుదల లేదు. మారిట్ అతని ముందు కాఫీ కప్పు చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళింది. ఆ నీలంలో పడుకుని ఏమాలోచిస్తావని రాగ్నా అడిగినప్పుడల్లా 'ఏమీ లేదు' అనేవాడు. అది అబద్ధం, ఆమెకూ తెలుసు. ఎండ వాలు మీద అడుగడుగే కిందికి దిగింది. ఐవిన్ దాన్నే చూస్తూ చెంపకు చెయ్యి ఆనించుకున్నాడు.

"కదిలించకండి, అలసిపోయాడు," అంది మారిట్ కొంతసేపటికి.

ఫ్లిస్ అప్పటిదాకా ఒక్కొక్క బల్ల దగ్గరా వాఫులు ముక్కల కోసం మారాం చేస్తోంది. ఉన్నట్టుండి ఆపేసింది. గది దాటి బెంచీ దగ్గరికి వెళ్ళి, ఐవిన్ మోకాలి మీది చేతికి ముక్కు ఆనించింది. మొరగలేదు. తోక ఊపలేదు. అతని బూట్ల మీద అడ్డంగా పడుకుంది.

"చూశారా, ఎట్టకేలకి ఇది కూడా అలసిపోయింది," అంది మారిట్. హాల్వర్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. సున్నివ కూడా నవ్వబోయింది.

కుక్క రెండు చెవులూ నిలబడి ఉన్నాయి. కళ్ళు రెప్ప వెయ్యడం లేదు. రెండేళ్ళలో దాన్ని అలా ఆమె ఎన్నడూ చూడలేదు. కప్పు కింద పెట్టి బెంచీ దగ్గరికి నడిచింది. ఆమె నడక చూసి హాల్వర్ కూడా లేచాడు.

వాళ్ళు తమకు తెలిసిన పనంతా చేశారు. నేల మీద పడుకోబెట్టి, వంతులవారీగా ఛాతీ మీద చేతులు ఆనించి నొక్కుతూ, లెక్కపెట్టుకుంటూ, మెయిన్ రోడ్డు నుంచి డాక్టరు వచ్చి సున్నివ భుజం మీద చెయ్యి వేసేదాకా చేశారు. అతని ముఖంలో నొప్పి జాడ లేదు. అంబులెన్సు తొందరపడకుండా వెళ్ళింది.

ఫ్లిస్ గుమ్మం దగ్గర తల వాల్చుకుని నిలబడింది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఒక అలవాటుంది. ఊపిరి లేని మనిషి దగ్గరికి వెళ్ళిన కుక్కను ఆ రోజు అలాగే ఇంటికి తీసుకెళ్ళరు. ఎంత అలసి ఉన్నా, ఎంత దుఃఖంలో ఉన్నా, ఎవరో ఒకరు వెళ్ళి దాక్కుంటారు. బతికున్న మనిషిని కనిపెట్టి, ఆడి, అప్పుడు ఇంటికి వెళ్ళాలి. లేకపోతే మళ్ళీ వెతకదు.

సున్నివ వచ్చి దాని పక్కన గుమ్మంలో కూర్చుంది. హాల్వర్ మెడలోని ఉన్ని మఫ్లరు విప్పి ముడి వేశాడు.

"దాన్ని అయిదు నిమిషాలు పట్టుకో," అన్నాడు.

కట్టెల కొట్టం వెనక మంచు పేరుకుని ఉన్న చోటికి నడిచి వెళ్ళి, ఆ పొడగరి మనిషి అందులో దిగబడి, పడుకుని, తన మీద తానే మంచు కప్పుకున్నాడు. కాసేపటికి మొరుగు వినిపించింది, తర్వాత మఫ్లరు చిరుగుతున్న చప్పుడు, కరుకు గొంతుతో ఎవరో గుర్రుమనడం. దారిన పోయేవాళ్ళు చూస్తే ఈ ముసలాయనకు ఏం పొయ్యేకాలమనుకుంటారు.

మారిట్ కిటికీలోంచి అంతా చూసి, కళ్ళు తుడుచుకుని, పెనం కట్టేసింది. పొయ్యి మీది ఇత్తడి కమ్మీకి, వచ్చీ రాగానే ఐవిన్ ఆరేసిన ఉన్ని చేతితొడుగులు రెండు వేలాడుతున్నాయి, ఎడమదాని బొటనవేలికి వేరే రంగు దారంతో అతుకు వేసి ఉంది, ఆవిరంతా పోయి అవి వెచ్చగా, పొడిగా, తొడుక్కోవడానికి సిద్ధంగా ఉన్నాయి.